కష్టమైన సబ్జెక్టులో ఒక్క గ్రేడు దెబ్బతింటే ఎంఎస్, పీహెచ్‌డీ అడ్మిషన్ మాటేమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

బీటెక్ రిజల్ట్స్ వచ్చిన వారంలో ఏ ఇంజినీరింగ్ కాలేజీ స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డా ఈ మాట వినబడుతుంది: "సార్, సిగ్నల్స్‌లో సి వచ్చింది. ఇంక యూఎస్ సంగతి మర్చిపోవాల్సిందేనా?" నేను పాఠాలు చెబుతాను, పై చదువులకు వెళ్లే పిల్లలకు రికమెండేషన్ లెటర్లు రాస్తాను. ఒక్క గ్రేడు కోసం నెలల తరబడి నిద్ర పాడుచేసుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ నెలల్లో చేయదగ్గ పని చాలా ఉంటుంది కాబట్టి ఇంకా బాధ. ఇక్కడి జవాబులు ఎక్కువగా అమెరికా ఎంఎస్, పీహెచ్‌డీ గురించి. గ్రేడుల లెక్కలకు జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్స్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. మీ యూనివర్సిటీ వేరైతే అంకెలు కాస్త మారతాయి, లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే.

ఒక్క సబ్జెక్టులో సి వస్తే ఎంఎస్ ఆశ వదులుకోవాలా?

అక్కర్లేదు. ముందు లెక్క చూడండి, సగం భయం అక్కడే తగ్గుతుంది.

ఆర్18లో బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు. 4 క్రెడిట్ల సబ్జెక్టులో 'ఎ' గ్రేడు, అంటే 8 పాయింట్లు రావాల్సిన చోట 'సి', అంటే 5 పాయింట్లు వచ్చాయనుకుందాం. పోయినవి 3 పాయింట్లు. నాలుగు క్రెడిట్లతో గుణిస్తే 12. దాన్ని 160తో భాగిస్తే 0.075. అంటే 8.20 ఉండాల్సిన సీజీపీఏ (నాలుగేళ్ల సగటు గ్రేడ్ పాయింటు) 8.125 దగ్గర ఆగుతుంది. సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించే జేఎన్‌టీయూహెచ్ సూత్రం ప్రకారం పర్సంటేజీలో చూసినా పోయింది ముప్పావు శాతమే.

మరి అంత పెద్ద దెబ్బలా ఎందుకు అనిపిస్తుంది? మీ చేతిలో ఉన్నది ఆ ఒక్క సెమిస్టర్ మెమో కాబట్టి. 21 క్రెడిట్ల సెమిస్టర్‌లో అవే 12 పాయింట్లు ఎస్‌జీపీఏను, అంటే ఆ సెమిస్టర్ సగటును, అర పాయింటుకు పైగా కిందికి లాగుతాయి. నాలుగేళ్ల మొత్తంలో కలిశాక ఆ తేడా దాదాపు కనబడదు.

అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు పెట్టే కనీస అర్హత 4 పాయింట్ల స్కేలు మీద 3.0, అంటే సగటున 'బి'. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కాంపస్‌లన్నిటికీ కనీసం ఇదే. ఇది సగటుకు పెట్టిన గీత, ఒక్కో సబ్జెక్టుకు పెట్టింది కాదు. ఒక్క సి వల్ల ఆ గీత కిందికి జారేవాళ్లు చాలా అరుదు. ముందే గీత అంచున ఉన్నవాళ్లకు మాత్రం 0.075 కూడా లెక్కే. వాళ్ల సమస్య ఆ ఒక్క సబ్జెక్టుతో వచ్చింది కాదు.

మరైతే ఆ గ్రేడును ఎవరూ పట్టించుకోరా?

పట్టించుకుంటారు. సగటు కోసం కాదు, దాని వెనక ఏముందో తెలుసుకోవడం కోసం.

అప్లికేషన్ సాధారణంగా రెండు చోట్ల ఆగుతుంది. మొదట గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫీసు: డిగ్రీ గుర్తింపు ఉన్నదేనా, కనీస జీపీఏ ఉందా, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు సరిపోతుందా అని చూస్తుంది. ఇక్కడ మీ సిగ్నల్స్ గ్రేడు ఎవరికీ పట్టదు. తర్వాత ఫైలు డిపార్ట్‌మెంట్ కమిటీకి వెళుతుంది. ఆ కమిటీలో ఉండేది ప్రొఫెసర్లు. ఆ సబ్జెక్టులు వాళ్లు రోజూ చెప్పేవే.

ప్రొఫెసర్ ట్రాన్‌స్క్రిప్ట్ చదివే తీరు వేరు. సీజీపీఏ ఒకసారి చూసి, నేరుగా తన ప్రోగ్రాముకు పునాది అయిన నాలుగైదు సబ్జెక్టుల దగ్గరికి వెళతారు. అక్కడ గ్రేడు తక్కువుంటే ఆ తర్వాతి సెమిస్టర్ల వైపు చూస్తారు. రెండో ఏడాది సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో సి వచ్చినవాడు మూడో ఏడాది డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో 'ఎ ప్లస్' తెచ్చుకుంటే ఆ సి గురించి అడగాల్సింది పెద్దగా మిగలదు. మొదటిది రాకుండా రెండోది రాదని ఆ ప్రొఫెసర్‌కు తెలుసు. అదే రెండో ఏడాది సి, మూడో ఏడాది మళ్లీ సి, ఎస్ఓపీలో (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఏం చదవాలనుకుంటున్నారో ఎందుకో చెప్పే వ్యాసం) మాత్రం "సిగ్నల్ ప్రాసెసింగ్ నా ప్రాణం" అని ఉంటే ఆ మాట ఎవరూ నమ్మరు.

మెమో మీది అక్షరాలతో ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో 'బి' అంటే మంచి గ్రేడే, 3.0. ఆర్18లో 'బి' అంటే 50 నుంచి 59 మార్కులు, 'సి' అంటే 40 నుంచి 49, అంటే బొటాబొటిగా గట్టెక్కడం. ఇండియా నుంచి వచ్చే అప్లికేషన్లు ఏటా చూసే కమిటీలకు ఈ తేడా తెలుసు. వాళ్లు అక్షరం కన్నా గ్రేడ్ పాయింటు చూస్తారు. కాబట్టి గ్రేడుల పట్టిక ఉన్న పేజీ స్కాన్‌లో తప్పకుండా ఉండాలి.

ఏ సబ్జెక్టులో తగ్గిందన్నది ముఖ్యమా?

అన్నిటికన్నా ముఖ్యం అదే. "సి ఎన్ని?" అని అడిగేవాళ్లు చాలామంది, "సి ఎక్కడ?" అని అడిగేవాళ్లు తక్కువ.

కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కు వెళ్లేవాడికి మొదటి ఏడాది ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లోనో కెమిస్ట్రీలోనో సి వస్తే దాని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించనక్కర్లేదు. అదే సి డేటా స్ట్రక్చర్స్‌లోనో, డిజైన్ అండ్ అనాలిసిస్ ఆఫ్ ఆల్గోరిథమ్స్‌లోనో, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లోనో వస్తే సంగతి వేరు. ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లో వాటిమీదే పై అంతస్తు కట్టాలి. ఆటోమాటా థియరీ మధ్యలో ఉంటుంది: థియరీ వైపు, కంపైలర్ల వైపు వెళ్లేవాళ్లకు బరువు, మిగతావాళ్లకు తేలిక.

డేటా సైన్స్ అంటూ వచ్చేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్‌ను మన దగ్గర "ఇంకో మ్యాథ్స్ పేపర్" అనుకుని పక్కన పెట్టేస్తారు. డేటా సైన్స్ కమిటీ మొట్టమొదట వెతికేది ఆ పేపర్నే, దాని పక్కన లీనియర్ ఆల్జీబ్రాను. పైథాన్ ప్రాజెక్టులు పది ఉన్నా ఆ రెండూ బలహీనంగా ఉంటే అనుమానం అలాగే ఉంటుంది.

మెకానికల్ వాళ్లకు థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్. సివిల్‌లో స్ట్రక్చర్స్ వైపు వెళ్లేవాళ్లకు స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, స్ట్రక్చరల్ అనాలిసిస్. ఈసీఈలో ఆర్ఎఫ్ (రేడియో తరంగాల సర్క్యూట్లు) వైపు చూసేవాళ్లకు ఎలక్ట్రోమాగ్నెటిక్స్. వీఎల్‌ఎస్‌ఐకి (చిప్ డిజైన్) వెళ్లే అమ్మాయికి ఎలక్ట్రోమాగ్నెటిక్స్‌లో సి వచ్చినా ఎలక్ట్రానిక్ సర్క్యూట్స్, డిజిటల్ డిజైన్ బాగుంటే చాలావరకు నడిచిపోతుంది.

సబ్జెక్టు తప్పి సప్లీలో పాసయ్యాను. ఇది సి కన్నా ఎంత చెడ్డది?

కొంచెం ఎక్కువ బరువే, కానీ ఒక్కటే అయితే దాటలేనిది కాదు. ఒకే ప్రయత్నంలో, వెంటనే వచ్చిన సప్లిమెంటరీలో క్లియర్ చేస్తే "ఒకసారి తడబడ్డాడు" అని చదువుకుంటారు. అదే సబ్జెక్టు మూడు నాలుగు సార్లు రాస్తే మెమోల మీద నెల, సంవత్సరం మారుతూ వస్తుంది, అది కంటపడుతుంది. అందుకే బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లకు నేను చెప్పే మొదటి మాట: మిగతా పనులన్నీ పక్కన పెట్టి వచ్చే సప్లీలోనే దాన్ని తీసేయండి. ఫైనల్ ఇయర్ దాకా ఈడ్చితే ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆలస్యమై, చేతికొచ్చిన అడ్మిషన్ కూడా జారిపోయే ప్రమాదం ఉంది.

యూకే, ఆస్ట్రేలియా, ఐర్లాండ్ వంటి చోట్ల కొన్ని యూనివర్సిటీలు ఎన్ని బ్యాక్‌లాగ్‌ల వరకు ఒప్పుకుంటామో ముందే చెబుతాయి, కాలేజీ నుంచి బ్యాక్‌లాగ్ సర్టిఫికెట్ అడుగుతాయి. ఒక్కదానికి తలుపు మూసే చోట్లు తక్కువే.

కన్సాలిడేటెడ్ మెమో ఒక్కటే పంపి సెమిస్టర్ మెమోలు పంపకపోతే?

వద్దు. కన్సల్టెన్సీల్లో ఈ సలహా తేలిగ్గా ఇచ్చేస్తారు, తర్వాత అనుభవించేది మీరు. చాలా అమెరికన్ యూనివర్సిటీలు ఇండియన్ అప్లికెంట్లను అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలూ అడుగుతాయి. సీటు వచ్చాక అసలు ట్రాన్‌స్క్రిప్టులు సీల్ చేసిన కవర్లోనో, యూనివర్సిటీ నుంచి నేరుగానో రావాలంటాయి. వెస్ (వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్) లాంటి సంస్థ ద్వారా మార్కుల ఇవాల్యుయేషన్ కోరేవీ ఉన్నాయి. అప్లికేషన్ చివర మీరు సంతకం చేసే ప్రకటన ప్రకారం, దాచినట్టు తేలితే అడ్మిషన్ రద్దు చేయొచ్చు, చేరిన తర్వాత కూడా. ఒక్క సి మీద ఎవరూ సీటు తీసేయరు. దాన్ని దాచితే మాత్రం తీసేస్తారు.

గ్రేడు దిద్దిన మెమో, డబ్బులిచ్చి తెచ్చుకున్న ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఇవి ఎవరైనా మీ ముందు ప్రస్తావిస్తే ఆ ఆఫీసు మెట్లు మళ్లీ ఎక్కకండి.

రీవాల్యుయేషన్ పెట్టాలా?

పరీక్ష బాగా రాశానని గట్టి నమ్మకం ఉంటేనే, అదీ గడువులోపు. "పోయేదేముంది" అని పెట్టి, ఆ ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లీకి చదవకపోవడం మాత్రం నష్టమే.

"ఆ సబ్జెక్టు అందరికీ కష్టమే, క్లాసులో సగం మంది తప్పారు" అని ఎస్ఓపీలో రాయొచ్చా?

రాయొద్దు. అది నిజమే కావచ్చు, కానీ మీ నోటితో చెబితే సాకులా ఉంటుంది. అదే మాట మీ సార్ లెటర్లో రాస్తే సమాచారం అవుతుంది. "ఆ ఏడాది సెక్షన్‌లో ఎక్కువమందికి తక్కువ గ్రేడ్లు వచ్చాయి, ఇతను వాళ్లలో మెరుగ్గా ఉన్నవాడు" అని పాఠం చెప్పిన మనిషి రాస్తే కమిటీ నమ్ముతుంది.

అసలు ఎస్ఓపీలో ఆ గ్రేడు ప్రస్తావన అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. మీరు వెళ్లే రంగానికి దూరమైన సబ్జెక్టయితే నోరెత్తొద్దు. కమిటీ గమనించని దాన్ని మీరే వేలు పెట్టి చూపించినట్టవుతుంది. మీ రంగానికి పునాది అయిన సబ్జెక్టయితే చెప్పాలి, రెండు వాక్యాల్లో. చాలా అప్లికేషన్లలో అదనపు సమాచారం కోసం వేరే పెట్టె ఉంటుంది. అది ఉంటే ఈ వివరణ అక్కడే రాసి, ఎస్ఓపీని మీ పని గురించి చెప్పడానికి వదిలేయండి.

ఇలా రాస్తే చెడుతుంది: "ఆ గ్రేడు నా అసలు ప్రతిభను చూపించదు. పేపర్ సిలబస్ బయట నుంచి వచ్చింది, దిద్దడంలోనూ అన్యాయం జరిగింది. ఎన్నో కష్టాల మధ్య నేను పట్టుదలతో చదివాను." ఇందులో చదివేవాళ్లకు పనికొచ్చే విషయం ఒక్కటీ లేదు.

ఇలా రాస్తే నిలబడుతుంది: "నాలుగో సెమిస్టర్‌లో నాన్నగారి ఆపరేషన్ వల్ల మూడు వారాల క్లాసులు పోయాయి, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో సి వచ్చింది. ఆ తర్వాతి ఏడాది డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఎ ప్లస్ తెచ్చుకున్నాను. నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఈసీజీ సిగ్నల్‌లోంచి నాయిస్ తీసేయడం మీద." కారణం ఒక్క ముక్కలో అయిపోయింది, మిగతాదంతా ఆ తర్వాత ఏం చేశాడన్నదే.

చెప్పుకోదగ్గ కారణం లేకపోతే? అప్పుడు కారణం కల్పించొద్దు. "ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ వెనక గణితం అప్పట్లో నాకు పట్టుబడలేదు, తర్వాత మళ్లీ మొదటినుంచి చదివాను" అనొచ్చు. ఇంత సూటిగా రాసినవాళ్లను ప్రొఫెసర్లు గౌరవిస్తారు. వాళ్లకీ ఏదో ఒక సబ్జెక్టు మొదటిసారి పట్టుబడి ఉండదు.

ఆ సబ్జెక్టు ఇప్పుడు వచ్చని ఎలా చూపించాలి?

శ్రమ పెట్టాల్సిన చోటు ఇదే. సంజాయిషీ ఎంత బాగా రాసినా రుజువు ముందు తేలిపోతుంది.

అన్నిటికన్నా గట్టి రుజువు మీ కాలేజీలోనే ఉంటుంది: దాని మీద ఆధారపడిన పై కోర్సు తీసుకుని బాగా చేయడం. ప్రొఫెషనల్ ఎలెక్టివ్స్ ఎంచుకునేటప్పుడు చాలామంది ఆ సబ్జెక్టు నీడ కూడా పడని వాటివైపు పారిపోతారు. నా సలహా దానికి పూర్తిగా వ్యతిరేకం.

రెండోది ఎన్‌పీటీఈఎల్. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఈ కోర్సులు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. ఎదురుగా ఇన్విజిలేటర్ ఉండి రాసిన పరీక్ష కావడం వల్లే దీనికి విలువ. వీడియోలు చూసి క్లిక్ చేస్తే వచ్చే సర్టిఫికెట్లకు అది లేదు. 75 నుంచి సర్టిఫికెట్ మీద 'ఎలైట్'తో పాటు 'సిల్వర్' గుర్తు, 90 నుంచి 'గోల్డ్'. సి వచ్చిన సబ్జెక్టునే ఎన్‌పీటీఈఎల్‌లో తీసుకుని సిల్వర్ తెచ్చుకుంటే రెజ్యూమెలో ఒక్క లైనుతో మీ జవాబు పూర్తవుతుంది.

ఇక అసలు చదవడం గురించి. సిగ్నల్స్‌లో తప్పినవాళ్ల జవాబు పత్రాలు చూస్తే ఎక్కువగా ఒకటే కనబడుతుంది. కన్వల్యూషన్ సూత్రం తప్పు లేకుండా రాస్తారు, ఇంటిగ్రల్ హద్దుల దగ్గర ఆగిపోతారు. ఒక సిగ్నల్‌ను తిప్పి, జరిపి, రెండోదాని మీద ఎంతమేర పడుతుందో బొమ్మ గీసి చూసుకుంటే హద్దులు వాటంతటవే తెలుస్తాయి. ఆ బొమ్మ గీయకుండా సాల్వ్‌డ్ ప్రాబ్లమ్స్ బట్టీ పట్టారు, పరీక్షలో సిగ్నల్ ఆకారం మారింది, అంతే. ఇలాంటి చిన్న చోటే ఎక్కడో తెగి ఉంటుంది. మీ సబ్జెక్టులో అది ఎక్కడో కనుక్కుంటే మిగతాది అనుకున్నంత పెద్ద పని కాదు. కనుక్కోవడానికి మంచి దారి: మీ పాత పేపర్లో వదిలేసిన ప్రశ్నలు పట్టుకెళ్లి ఆ సబ్జెక్టు చెప్పిన మేడమ్ దగ్గరో సార్ దగ్గరో కూర్చోవడం. సిగ్గుపడకండి. అలా వచ్చేవాళ్లు చాలా తక్కువమంది, వచ్చినవాళ్లు మాకు ఏళ్ల తరబడి గుర్తుంటారు.

జీఆర్‌ఈలో మంచి స్కోరు తెచ్చుకుంటే ఆ గ్రేడు కప్పబడిపోతుందా?

చాలా కొద్దిగా. జీఆర్‌ఈ క్వాంట్‌లో ఉండేది హైస్కూల్ స్థాయి గణితం. అందులో 170కి 168 వచ్చినంత మాత్రాన ఎలక్ట్రోమాగ్నెటిక్స్ వచ్చని ఎవరూ అనుకోరు. పైగా మన దగ్గర నుంచి వెళ్లేవాళ్లలో క్వాంట్ ఎక్కువ రావడం మామూలే. 2020 తర్వాత చాలా ప్రోగ్రాములు జీఆర్‌ఈని ఐచ్ఛికం చేశాయి, కొన్ని తీసేశాయి. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష కూడా రెండు గంటల లోపుకు కుదించారు. సీజీపీఏ మొత్తంగా తక్కువున్నవాళ్లకు మంచి స్కోరు ఆసరా అవుతుంది. ఒక్క సబ్జెక్టులో గండి పడినవాళ్లు ఆ టైమును ఆ సబ్జెక్టు మీదే పెట్టడం మేలు.

లెటర్ ఆ సబ్జెక్టు సార్ దగ్గరే తీసుకోవాలా?

ఆ తర్వాత మీరు ఆయన దగ్గర ప్రాజెక్టు చేసి ఉంటే తప్పకుండా. "నా క్లాసులో సి వచ్చింది, తర్వాత ఏడాదిపాటు నా ల్యాబ్‌లో పని చేసింది, ఇప్పుడు జూనియర్లకు ఆ పాఠం చెప్పగలదు" అని ఆయన రాసే లెటర్‌కు సాటి లేదు. ప్రాజెక్టూ లేదు, పరిచయమూ లేదంటే వద్దు. హెచ్ఓడీ గారు, ప్రిన్సిపాల్ గారు అని పదవి చూసి అడగొద్దు. మిమ్మల్ని ఎరిగినవాళ్లనే అడగండి. అడిగేటప్పుడు ఆ గ్రేడు గురించి మీరే చెప్పండి, మెమో కాపీ ఇవ్వండి. లెటర్ మీరే రాసుకొస్తే సంతకం పెడతామనేవాళ్ల దగ్గరికి వెళ్లకపోవడం మంచిది. మూడు లెటర్లూ ఒకే చేతిరాతలా ఉంటే చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

పీహెచ్‌డీకి కూడా ఇంతేనా?

కాదు. పీహెచ్‌డీలో తూకం వేరు. రీసెర్చ్ చేయగలరా, మీతో పనిచేసిన ప్రొఫెసర్లు ఏమంటున్నారు అన్నవి ముందు. మంచి రీసెర్చ్ అనుభవం ఉంటే దూరపు సబ్జెక్టులో వచ్చిన సి ని పూర్తిగా వదిలేస్తారు. కానీ పరిశోధన చేస్తానన్న రంగంలోనే బలహీనమైన గ్రేడు ఉంటే ఎంఎస్ కన్నా కఠినంగా చూస్తారు. చేరిన ఒకటి రెండేళ్లలో క్వాలిఫైయింగ్ పరీక్షలు పాసవ్వాలి, ఐదారేళ్లు యూనివర్సిటీ మీమీద డబ్బు ఖర్చు పెట్టాలి కదా.

మ్యాథ్స్ పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా ఈ రెండే గుండెకాయ. వీటిలో ఒకదాంట్లో గ్రేడు తగ్గితే ఎమ్మెస్సీ స్థాయిలో అదే విషయాన్ని మళ్లీ చేసి చూపించాలి. అడిగే చోట జీఆర్‌ఈ మ్యాథమెటిక్స్ సబ్జెక్ట్ టెస్ట్ ఇక్కడ నిజంగా సాయపడుతుంది, మామూలు జీఆర్‌ఈ లాంటిది కాదది.

కష్టమైన కోర్సులో బి మేలా, తేలిక కోర్సులో 'ఓ' గ్రేడ్ (అన్నిటికన్నా పై గ్రేడు) మేలా?

మీ రంగానికి చెందినదైతే కష్టమైనదే. తేలిక సబ్జెక్టుల్లో 'ఓ' గ్రేడ్ల వరస చూసి మురిసిపోయే కమిటీ ఉండదు. అయితే ఒకే సెమిస్టర్‌లో మూడు బరువైన కోర్సులు నెత్తికెత్తుకుని మూడింటిలో దెబ్బతినడమూ తెలివి కాదు. ఒక్కోటి ఒక్కో సెమిస్టర్‌లో పెట్టుకోండి.

సీజీపీఏను నాలుగు స్కేల్‌లోకి మార్చి రాయాలా?

అప్లికేషన్‌లో ఏం చెప్పారో చదవండి. చాలా చోట్ల "మీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నదే రాయండి, మార్చొద్దు" అని ఉంటుంది. 10లో 8 అంటే 4లో 3.2 అని సొంతంగా లెక్కకట్టడం మన దగ్గర అలవాటు. ఇవాల్యుయేషన్ సంస్థలు అలా చేయవు, కోర్సు కోర్సుకూ మార్చి కూడతాయి. మీ సొంత లెక్క చాలాసార్లు మీకే నష్టం.

జర్మనీకి అప్లై చేస్తే?

అక్కడ లెక్క ఇంకా ముక్కుసూటి. మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా అని ఒకటుంది: గరిష్ఠ గ్రేడులోంచి మీది తీసేసి, గరిష్ఠ, కనీస పాస్ గ్రేడుల తేడాతో భాగించి, మూడుతో గుణించి ఒకటి కలపాలి. గరిష్ఠం 10, కనీసం 5 అనుకుంటే 8.0కి 2.2 వస్తుంది. ఒక్క సి వల్ల 7.925కి తగ్గితే 2.245. అక్కడ అంకె తక్కువైతే మంచిది. చాలా ప్రోగ్రాములు 2.5 దగ్గర గీత గీస్తాయి, ఈ లెక్కన అది 7.5 సీజీపీఏ. ఆ గీతకు దూరంగా ఉంటే సి గురించి మర్చిపోవచ్చు. ఫలానా సబ్జెక్టులో ఇన్ని క్రెడిట్లు చదివారా అన్నది జర్మనీలో గ్రేడు కన్నా ఎక్కువగా చూస్తారు. ఇండియన్ విద్యార్థులకు 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ (జర్మన్ ఎంబసీ తరఫున చదువు పత్రాలు పరిశీలించే కేంద్రం) సర్టిఫికెట్ తప్పనిసరి, ఆ కేంద్రంలో మీ మెమోలన్నీ పరిశీలిస్తారు.

ఇక్కడే ఐఐటీలో ఎంటెక్ చేద్దామనుకుంటే?

కనీస అర్హత మార్కులు ఉంటే చాలావరకు గేట్ స్కోరే నడిపిస్తుంది. ఆ ఒక్క గ్రేడు గురించి అడిగేది ఇంటర్వ్యూ ఉన్న చోట, అదీ ఆ సబ్జెక్టులో ప్రశ్నలు వేయడానికే. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి కంగారు లేదు.

హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూలో బ్యాక్‌లాగ్ గురించి అడుగుతారా?

అడగొచ్చు. అడిగితే ఉన్నది ఉన్నట్టు ఒక్క వాక్యంలో చెప్పండి: "ఒకటి ఉంది మేడమ్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్, తర్వాతి సప్లీలో క్లియర్ చేశాను." అక్కడితో ఆగండి. నానక్‌రామ్‌గూడలో ఆ కౌంటర్ అవతల ఉన్న ఆఫీసర్ చూసేది మీరు నిజంగా చదువుకోవడానికే వెళుతున్నారా, ఖర్చులకు డబ్బుందా, చదువయ్యాక తిరిగొస్తారా అన్నది. తిరిగొస్తారన్న నమ్మకం కలగలేదని వీసాలు ఎక్కువగా నిరాకరించే 214(బి) సెక్షన్‌కు మీ మార్కులతో నేరుగా సంబంధం లేదు. లేదని అబద్ధం చెప్పడం, గుక్క తిప్పుకోకుండా సంజాయిషీ ఇవ్వడం, ఈ రెండే చేటు చేస్తాయి.

ఎంఎస్‌లో చేరాక ఒక కోర్సులో సి వస్తే?

బీటెక్ కన్నా ఇది బరువైన విషయం. అక్కడ గ్రాడ్యుయేట్ స్థాయిలో 'బి'నే కనీసంగా చూస్తారు. సగటు 3.0 కిందికి పోతే అకడమిక్ ప్రొబేషన్, అసిస్టెంట్‌షిప్ ఉంటే దానికీ ముప్పు. 30 క్రెడిట్ల ఎంఎస్ అంటే దాదాపు పది కోర్సులు, ఒక సి (2.0) ని సరిచేయడానికి ఒక పూర్తి ఎ (4.0) కావాలి. కొన్ని డిపార్ట్‌మెంట్లు కోర్ కోర్సులో సి వస్తే డిగ్రీకి లెక్కించవు, మళ్లీ తీసుకోమంటాయి.

అందుకే మొదటి సెమిస్టర్‌లో నాలుగు కోర్సులు మీద వేసుకోవద్దు, ఎఫ్-1కు (స్టూడెంట్ వీసా) చాలా చోట్ల మూడు చాలు. కోర్సు చేయి దాటుతోందనిపిస్తే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడ్వైజర్‌ను ముందు కలవండి. చెప్పకుండా కోర్సు డ్రాప్ చేస్తే ఫుల్‌టైమ్ క్రెడిట్లు తగ్గి వీసా స్టేటస్‌కే ఎసరు వస్తుంది. ఆ తర్వాత పీహెచ్‌డీకి అప్లై చేసేవాళ్ల విషయంలో ఎంఎస్ గ్రేడ్లనే ముందు చూస్తారు, బీటెక్ సి అప్పటికి పాతబడిపోతుంది.

ఈ ఒక్క గ్రేడు వల్ల యూనివర్సిటీల లిస్టు మార్చుకోవాలా? ఏడాది ఆగాలా?

లిస్టును మొత్తం సీజీపీఏ, రంగం, డబ్బు చూసి వేసుకోండి. ఒక్క సి కోసం కిందికి దిగనక్కర్లేదు. అది మీ రంగపు కీలక సబ్జెక్టయితే మాత్రం పై వరస యూనివర్సిటీలు రెండు తగ్గించి, మధ్య వరసలో రెండు పెంచడం న్యాయం. ఒక్కో అప్లికేషన్‌కు ఫీజు ఎనిమిది తొమ్మిది వేల రూపాయల దాకా అవుతుంది, ఇంట్లోవాళ్లు కట్టే డబ్బది.

ఏడాది ఆగడం ఒక్క గ్రేడు కోసం అయితే వద్దు. ఆ ఏడాదిలో చేయదగ్గ గట్టి పని, అంటే రీసెర్చ్ ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గానో, ఆ రంగంలోనే ఉద్యోగమో ఉంటే అప్పుడు ఆలోచించండి. ఆన్‌లైన్‌లో చదవడానికి సిద్ధమైతే యూనివర్సిటీ ఆఫ్ కొలరాడో బౌల్డర్ కోర్సెరాలో నడిపే కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ ఒకటుంది. పాత ట్రాన్‌స్క్రిప్టే అడగరు, మొదటి మూడు కోర్సుల్లో సగటు 3.0 తెచ్చుకుంటే అడ్మిషన్ ఇస్తారు. దానితో ఎఫ్-1 వీసా మాత్రం రాదు.

ఆగస్టు, సెప్టెంబర్‌లో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కు చాలా గడువులు అంతకు ముందు డిసెంబర్, జనవరిల్లో ముగుస్తాయి. ఎన్‌పీటీఈఎల్ జులై కోర్సులో పేరు నమోదు చేసుకుంటే పరీక్ష అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో అయిపోతుంది. ఫలితం రావడం ఆలస్యమైతే "పరీక్ష రాశాను, ఫలితం రావాలి" అని రెజ్యూమెలో పెట్టి, వచ్చాక యూనివర్సిటీకి ఈమెయిల్ చేయండి. అప్లికేషన్ చూసేలోపు అందితే చాలాచోట్ల ఫైల్లో చేరుస్తారు.